చేపను పట్టే కోన్ నత్త విషంలో అన్ని టాక్సిన్లు ఎందుకు?

సాగరిక (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. చేపల్ని వేటాడే కోన్ నత్తల (శంకువు ఆకారపు గవ్వ ఉన్న సముద్రపు నత్తలు) విషం మీద సెమినార్ ఇవ్వాలి. చదవాల్సినవి చదివాను కానీ ఒక దగ్గర ఆగిపోయాను. ఒక్కో జాతి నత్త విషంలో వందకు పైగా వేరువేరు పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు) ఉంటాయి. కోన్ నత్తల్లో 700కు పైగా జాతులున్నాయి. ఒక జాతి విషంలో ఉన్న పెప్టైడ్లు ఇంకో జాతిలో దాదాపు కనిపించవు. బెత్తెడు చేపను పట్టడానికి ఒక్క గట్టి విషం చాలదా? ఇన్నిటిని ఎందుకు తయారు చేసుకుంటుంది? క్లాసులో ఎవరో ఒకరు ఇది అడుగుతారు. "పరిణామం వల్ల" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు ఇష్టం లేదు.

నాడీపాఠం

సాగరిక గారూ, అసలు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. నరాల పాఠం వచ్చినప్పుడల్లా ఈ నత్త గురించి చెప్పకుండా ఉండలేను.

ముందు నత్త కష్టం ఏంటో చూడండి. అది పాకేది, చేప ఈదేది. విషం ఎక్కాక చేప చావడానికి ఒక్క నిమిషం పట్టినా నత్తకు నష్టమే. చేప ఏ రాళ్ల సందులోకో పోయి చస్తుంది, దాన్ని ఇంకొకటి తినేస్తుంది. కాబట్టి నత్తకు కావలసింది చేపను చంపడం కాదు, ఉన్నచోటే ఆపడం. అదీ ఒకటి రెండు సెకన్లలో.

తూర్పు పసిఫిక్ తీరంలో ఉండే కోనస్ పర్‌ప్యూరాసెన్స్ ఈ పని ఎలా చేస్తుందో 1996లో నేచర్ పత్రికలో వచ్చింది. దాని విషంలో రెండు జట్లు పనిచేస్తాయి. మొదటి జట్టులో డెల్టా, కప్పా కోనోటాక్సిన్లు (కోన్ నత్త టాక్సిన్లకు పేరు అది) ఉంటాయి. నరంలో సంకేతం పుట్టాలంటే సోడియం లోపలికి రావాలి, ఆ సంకేతం ఆగాలంటే పొటాషియం బయటికి పోవాలి. డెల్టా టాక్సిన్ సోడియం వచ్చే తలుపును మూసుకోనివ్వదు. కప్పా టాక్సిన్ పొటాషియం పోయే తలుపును తెరుచుకోనివ్వదు. రెండూ కలిసేసరికి ఆ నరం ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటుంది. చేప ఒళ్లు బిగుసుకుపోతుంది, రెక్కలు విచ్చుకుని అలాగే నిలబడిపోతాయి. ఈ జట్టు ఒళ్లంతా పాకనక్కర్లేదు, కుట్టిన చోట ఉన్న నరాలు చాలు. అందుకే అంత వేగం.

రెండో జట్టు తీరిగ్గా వస్తుంది. ఇవి ఒంట్లో పాకి, నరం కండరాన్ని కలిసే చోటికి చేరాలి. ఒమేగా టాక్సిన్ నరం కొసన ఉన్న కాల్షియం ఛానెళ్లను (కాల్షియం వచ్చే తలుపుల్ని) ఆపుతుంది, దాంతో కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదల కాదు. ఆల్ఫా టాక్సిన్ కండరం మీద ఆ ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే గ్రాహకాలను ఆపుతుంది. మ్యూ టాక్సిన్ కండరంలోని సోడియం ఛానెళ్లను ఆపుతుంది. ఇప్పుడు బిగుసుకున్న చేప మెత్తగా వాలిపోతుంది, నత్త మింగేస్తుంది.

బిగదీయడం ఒక పని, సడలించడం దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని. ఒకే అణువు ఈ రెండూ చేయలేదు. మీ ప్రశ్నకు మొదటి జవాబు ఇదే.

కృష్ణాతీరం

నేను సైన్సు మనిషిని కాను, కుతూహలం కొద్దీ చదువుతున్నాను. బిగదీయడానికి, సడలించడానికి వేరువేరు కావాలన్నారు, సరే. కానీ సడలించడానికే మూడు రకాలు ఎందుకండీ? ఒక్క చోట తెంచితే కబురు ఆగిపోదా?

నాడీపాఠం

> సడలించడానికే మూడు రకాలు ఎందుకండీ?

ఎందుకంటే నరం కండరాన్ని కలిసే ఆ జంక్షన్‌లో అదనపు బందోబస్తు చాలా ఉంటుంది. కండరం కదలడానికి కావలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఎసిటైల్‌కోలిన్‌ను నరం ప్రతిసారీ వదులుతుంది. గ్రాహకాల్లో సగం మూతబడినా కండరం కదులుతూనే ఉంటుంది. ఒక్క టాక్సిన్‌తోనే దాన్ని ఆపాలంటే డోసు బాగా ఎక్కించాలి. విడుదల కొంత తగ్గించి, అందుకోవడం కొంత తగ్గించి, కండరం స్పందన కూడా కొంత తగ్గిస్తే తక్కువ విషంతోనే పని అయిపోతుంది. నత్త ఒక్కసారి ఎక్కించే విషం చాలా కొద్దిగా ఉంటుంది, అది గుర్తుపెట్టుకోండి.

పోర్ట్‌బ్లెయిర్_శ్రీను

నమస్తే. అండమాన్‌లో డైవ్ గైడ్‌గా పనిచేస్తాను, మావాళ్లు శ్రీకాకుళం నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మీరు చెప్పిన ఆ బిగుసుకోవడం నైట్ డైవ్‌లో కళ్లారా చూశాను. ఎలా ఉంటుందో రాస్తాను, సెమినార్‌కి పనికొస్తుందేమో.

పగలు ఈ నత్తలు ఇసుకలో కూరుకుని ఉంటాయి, కనబడవు. చీకటి పడ్డాక ఇసుకలోంచి ఒక చిన్న గొట్టం పైకి లేస్తుంది. దాంతో నీళ్లు లాగి వాసన పడుతుంది. నేను చూసింది కోనస్ స్ట్రయేటస్. ఇసుక మీద ఒక చిన్న గోబీ చేప నిద్రమత్తులో ఉంది. నత్త మెల్లగా జరిగి, గొట్టం పక్కనుంచి సన్నటి ఎర్రటి తొండాన్ని బయటికి చాచింది. తొండం అటూ ఇటూ వెతుక్కుంటూ పోయి చేప పక్కటెముకల దగ్గర ఆగింది. తగిలిన క్షణం నాకు కనబడనే లేదు. కనబడిందల్లా చేప ఒక్కసారి విదిలించుకోవడం, రెక్కలన్నీ నిక్కబొడుచుకోవడం, రంగు పాలిపోవడం. అది పారిపోలేదు, ఎందుకంటే ముల్లు ఇంకా తొండం కొసనే ఉంది, తొండం దాన్ని పట్టుకునే ఉంది. చేపతో సహా తొండాన్ని వెనక్కి లాక్కుని నోరు సాగదీసి మింగేసింది. టార్చ్ నా చేతిలోనే ఉంది, నేను ఊపిరి తీయడం కూడా మరిచిపోయాను.

పెప్టైడ్_గోపి (హైదరాబాద్)

శ్రీను గారూ, చాలా బాగా రాశారు. ఆ ముల్లు గురించి ఒక మాట. అది నిజానికి పన్ను. మామూలు నత్తలకు ఆకులు గీరుకోవడానికి ఉండే పళ్లే వీటిలో ఇలా మారాయి. కైటిన్‌తో చేసిన బోలు సూది, కొసన కొక్కేలు. ఒక సంచిలో చాలా పళ్లు సిద్ధంగా ఉంటాయి, వేటకు ఒకటి వాడి పారేస్తుంది. చేప జీర్ణమయ్యాక ఎముకలు, పొలుసులతో పాటు వాడిన పన్నును కూడా కక్కేస్తుంది. విషం తయారయ్యేది లోపల చుట్టలు చుట్టుకుని ఉన్న పొడవాటి నాళంలో. దాని చివర కండరపు తిత్తి ఉంటుంది, అది విషాన్ని ముందుకు నెడుతుంది.

సాగరిక గారూ, ఈ కథ ఎలా మొదలైందో కూడా సెమినార్‌లో చెప్పండి. కోన్ నత్తలు చేపల్ని తింటాయని అలన్ కోన్ హవాయిలో చూసి 1956లో రాసేదాకా అది శాస్త్రవేత్తలకు నమ్మకం కుదిరే విషయం కాదు. బాల్డొమెరో ఒలివేరా అనే ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త అమెరికాలో డీఎన్‌ఏ లైగేజ్ (డీఎన్‌ఏ ముక్కల్ని అతికించే ఎంజైమ్) మీద పెద్ద పని చేసి స్వదేశం తిరిగొచ్చాడు. అక్కడ ఆ పని కొనసాగించడానికి పరికరాలు లేవు. కోన్ గవ్వలు మాత్రం చుట్టుపక్కల సముద్రంలో దొరికేవి. తక్కువ సామాగ్రితో అయ్యే పని అని ఆ విషం పట్టుకున్నాడు. లూర్డెస్ క్రూజ్ ఆయనతో కలిసి పనిచేసింది.

తర్వాత ఆయన యూటా విశ్వవిద్యాలయానికి వెళ్లాక, అక్కడ డిగ్రీ చదువుతున్న క్రెయిగ్ క్లార్క్‌కు ఒక ఆలోచన వచ్చింది. విషాన్ని ఎలుక పొట్టలోకి కాకుండా నేరుగా మెదడులోకి ఎక్కిస్తే? ఒలివేరాకు పెద్దగా నమ్మకం లేకపోయినా కుర్రాడిని చేయనిచ్చాడు. విషంలోని భాగాలను విడదీసి ఒక్కొక్కటీ ఎక్కించారు. ఒక భాగానికి ఎలుక నిద్రపోయింది, ఒకదానికి వణికింది, ఒకదానికి గోక్కుంది, ఒకదానికి గుండ్రంగా పరుగెత్తింది. పక్షవాతం తెచ్చే రెండు మూడు టాక్సిన్లే అనుకున్న చోట ఒక్కొక్కటీ నాడీవ్యవస్థలో ఒక్కో చోటుకు గురిపెట్టిన అణువులని అప్పుడు తెలిసింది. నిద్రపుచ్చినది కోనాంటోకిన్-జి, అది మెదడులోని ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాన్ని ఆపుతుంది. వణికించినది ఒమేగా కోనోటాక్సిన్.

ఆ ల్యాబ్‌లోనే మైకేల్ మెకింటాష్ అనే, అప్పుడే స్కూలు పూర్తి చేసిన కుర్రాడు కోనస్ మేగస్ విషం నుంచి ఎంవీఐఐఏ అనే పెప్టైడ్‌ను వేరు చేశాడు. అదే తర్వాత మందు అయింది.

కృష్ణాతీరం

విషంలోంచి నొప్పి మందు వచ్చిందని ఎక్కడో చదివాను. మార్ఫిన్ కంటే ఎన్నో రెట్లు బలమట, అలవాటు పడడం ఉండదట. సహజంగా దొరికేది కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ కూడా తక్కువే ఉంటాయి కదా? మరి కేన్సర్ నొప్పితో బాధపడే వాళ్లందరికీ ఇది ఎందుకు ఇవ్వరు? మా ఇంట్లో ఒకరిని ఆ స్థితిలో చూశాను, అందుకే అడుగుతున్నాను.

డా_లక్ష్మి_అనస్థీషియా

కృష్ణాతీరం గారూ, మీ బాధ అర్థమైంది, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

మందు పేరు జికోనోటైడ్, గోపి గారు చెప్పిన ఎంవీఐఐఏ ఇదే. ప్రియాల్ట్ అనే బ్రాండ్ మీద 2004 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. 25 అమైనో ఆమ్లాల గొలుసు. ఇప్పుడు నత్త నుంచి తీయరు, ల్యాబ్‌లో తయారు చేస్తారు, కానీ అణువు మాత్రం నత్తలో ఉన్నదే, ఒక్క అమైనో ఆమ్లం కూడా మార్చలేదు. వెన్నుపాములోకి నొప్పి కబురు తెచ్చే నరాల కొసల్లో ఎన్-టైప్ కాల్షియం ఛానెళ్లు ఉంటాయి. ఈ మందు వాటిని ఆపుతుంది, కబురు అక్కడే ఆగిపోతుంది. మార్ఫిన్ పనిచేసే ఓపియాయిడ్ గ్రాహకాలను ఇది తాకదు. అందుకే రోజులు గడిచేకొద్దీ డోసు పెంచుకుంటూ పోవాల్సిన అవసరం రాదు, ఊపిరి మందగించడం కూడా ఉండదు. మీరు చదివినదాంట్లో ఆ ముక్క నిజం.

కానీ మాత్రగా మింగితే జీర్ణరసాలు ముక్కలు చేసేస్తాయి. రక్తంలోకి ఎక్కిస్తే మెదడు, వెన్నుపాము దగ్గరికి చేరదు, పైగా బీపీ పడిపోతుంది. కాబట్టి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకే నేరుగా ఇవ్వాలి. దానికి ఆపరేషన్ చేసి ఒక పంపు, సన్నని కేథెటర్ అమర్చాలి. డోసు మైక్రోగ్రాముల్లో, చాలా నెమ్మదిగా పెంచుకుంటూ పోవాలి. కాస్త ఎక్కువైతే తల తిరగడం, మతిమరుపు, అయోమయం, లేనివి కనబడడం, తీవ్రమైన మానసిక లక్షణాలు. నత్తలో పుట్టింది కదా అని మన ఒంటి మీద దయ చూపదు. ఇంకే మందుకూ లొంగని తీవ్రమైన నొప్పికి మాత్రమే దీన్ని ఉద్దేశించారు. అలాంటి రోగిలో ఇది పనిచేసినప్పుడు మాత్రం ఆ తేడా చాలా పెద్దది. నొప్పి వైద్యంలో ఓపియాయిడ్ల చుట్టూనే తిరుగుతున్న మాకు ఇంకో దారి ఉందని చూపించిన మందు ఇది. నా మటుకు నాకు దాని విలువ అక్కడే ఉంది.

పెప్టైడ్_గోపి

లక్ష్మి గారు చెప్పినదానికి రసాయన శాస్త్రం వైపు నుంచి కొంచెం. కోనస్ జియోగ్రాఫస్‌లో జీవీఐఏ అనే ఒమేగా టాక్సిన్ ఉంది, అదీ ఇదే ఛానెల్‌ను ఆపుతుంది. కానీ పట్టుకుంటే దాదాపు వదలదు. ఎంవీఐఐఏ పట్టుకుని మళ్లీ వదులుతుంది. ఛానెళ్లను అధ్యయనం చేసే ల్యాబ్‌లకు మొదటిది గొప్ప పనిముట్టు. మనిషికి ఇచ్చే మందుగా మాత్రం వదిలే గుణం ఉన్నదే కావాలి.

తయారీ కూడా తేలిక కాదు. ఈ గొలుసులో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు ఆరు ఉన్నాయి, అవి జంటలుగా కలిసి మూడు డైసల్ఫైడ్ వంతెనలు కడతాయి. ఆరింటిని జంటలు చేయడానికి 15 రకాలుగా వీలుంది, సరైనది ఒక్కటే. మిగతావి వస్తే ఆకారం తప్పుతుంది, పని తగ్గిపోతుంది. రోజూ పెప్టైడ్లు చేసేవాడిగా చెబుతున్నాను, గొలుసు అల్లడం ఒక ఎత్తు, దాన్ని సరిగ్గా మడతపెట్టించడం ఇంకో ఎత్తు. నత్త మాత్రం తన నాళంలో ఇలాంటివి వందలకొద్దీ తప్పు లేకుండా మడతపెట్టుకుంటుంది.

దీని తర్వాత వచ్చినవన్నీ మందులైపోలేదు. కోనస్ విక్టోరియే నుంచి వచ్చిన వీసీ1.1 నరాల నొప్పికి మనుషుల మీద ట్రయల్స్ దాకా వెళ్లింది, 2007లో ఆపేశారు. ఎలుక గ్రాహకం మీద బాగా పట్టేది మనిషి గ్రాహకం మీద చాలా తక్కువగా పట్టింది. చిన్న తేడానే, కానీ ఆ తేడాతోనే అంతా పోయింది.

ఫార్మా_పద్మజ

ఎవరూ ఇన్సులిన్ గురించి రాయలేదేంటి! నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసినది అదే.

కోనస్ జియోగ్రాఫస్ అన్ని నత్తల్లా ముల్లు విసరదు. నోటిని వెడల్పాటి గొట్టంలా చాచి, రాత్రి పూట గుంపుగా దాక్కున్న చిన్న చేపల్ని లోపలికి రానిస్తుంది. ఒక్కోసారి ఒకటి కాదు, కొన్ని చేపలు. లోపలికి వచ్చాక కుడుతుంది. మరి చేపలు ఎందుకు పారిపోవు? 2015లో హెలెనా సఫావి-హెమామి, ఒలివేరా బృందం చెప్పిన ప్రకారం ఈ నత్త విషంలో ఇన్సులిన్ ఉంది. నత్త తన ఒంటికి వాడుకునే ఇన్సులిన్ కాదు, చేపల ఇన్సులిన్‌ను పోలినది, విషనాళంలో విడిగా తయారు చేస్తుంది. దాన్ని చేపలకు ఎక్కిస్తే రక్తంలో చక్కెర పడిపోయింది. నీళ్లలో కలిపితే చేపపిల్లల ఈత మందగించింది. చక్కెర పడిపోయి మందకొడిగా ఉన్న చేప నోట్లోకి వస్తోందని కూడా గమనించదు.

మందులతో పనిచేసే మాలాంటి వాళ్లకు ముఖ్యమైనది తర్వాతి భాగం. మనిషి ఇన్సులిన్ నిల్వలో ఆరేసి అణువులు కలిసి గుంపుగా ఉంటుంది. ఇంజెక్షన్ చేశాక ఆ గుంపు విడిపోయి విడి అణువులైతేనే పనిచేస్తుంది, అందుకు సమయం పడుతుంది. గుంపు కట్టించేది ముఖ్యంగా ఇన్సులిన్‌లోని రెండు గొలుసుల్లో ఒకటైన బి-గొలుసు చివరి భాగం. దాన్ని తీసేస్తే మన ఇన్సులిన్ దాదాపు పనిచేయదు. నత్త ఇన్సులిన్‌లో ఆ భాగమే లేదు, అయినా మనిషి గ్రాహకానికి అతుక్కుంటుంది. మన ఇన్సులిన్ కంటే బలం తక్కువే. కానీ విడి అణువుగానే ఉంటూ పనిచేయడం సాధ్యమని అది నిరూపించింది. అది చూసి మన ఇన్సులిన్‌ను అలా చిన్నది చేసి, నత్త ఉపాయాలు అందులో పెట్టే ప్రయత్నం జరిగింది, 2020లో ఆ చిన్న ఇన్సులిన్ నమూనా వచ్చింది. భోజనానికి ముందు ఇన్సులిన్ పొడుచుకుని, అన్నం ముందు పెట్టుకుని గడియారం చూసే షుగర్ పేషెంట్లు మనకు ఎంతమంది ఉన్నారో రోజూ కౌంటర్ దగ్గర చూస్తాను. ఈ పని వాళ్లదాకా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అదే నత్త సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను పోలిన ఇంకో పెప్టైడ్ కూడా చేస్తుందని 2024లో తేలింది. పడిపోయిన చక్కెరను ఒళ్లు గ్లూకగాన్ అనే హార్మోన్‌తో మళ్లీ పైకి లేపుకుంటుంది కదా, ఇది ఆ దారినీ ఆపుతుంది. ఒకటి చక్కెరను కిందికి తోస్తుంది, ఇంకొకటి పైకి రానివ్వదు.

సాగరిక

పద్మజ గారూ, ఇన్సులిన్ చదివాను కానీ సొమాటోస్టాటిన్ జంట సంగతి నాకు చేరలేదు. చాలా థ్యాంక్స్. అంటే నరాల దగ్గరా, హార్మోన్ల దగ్గరా కూడా జట్లు జట్లుగానే పనిచేస్తాయన్నమాట.

ఇంకో రెండు సందేహాలు. ఈ చేపల్ని పట్టే అలవాటు వీటికి ఎక్కడి నుంచి వచ్చింది? కోన్ నత్తల్లో ఎక్కువ జాతులు సముద్రపు పురుగుల్ని తినేవే కదా. ఇంకొకటి, మనిషిని కుట్టినప్పుడు కూడా ఇదే విషమా?

నాడీపాఠం

మొదటిదానికి మంచి ఆధారం ఉంది. కోనస్ టెస్సులేటస్ పురుగుల్ని తినే జాతి. దాని విషంలో డెల్టా కోనోటాక్సిన్ దొరికింది, ఆ టాక్సిన్ వెన్నెముక ఉన్న జీవుల సోడియం ఛానెళ్ల మీద పనిచేస్తుంది. పురుగును తినేదానికి చేప నరాల మీద పనిచేసే టాక్సిన్ ఎందుకు? పురుగు దగ్గర పోటీకి వచ్చే చేపల్నో, తనను తినడానికి వచ్చే చేపల్నో తరమడానికి అని 2015లో ఒక ప్రతిపాదన వచ్చింది. తరమడానికి కుట్టిన చేప బిగుసుకుని పడిపోతే, అది కూడా తిండే అని ఆ వంశం నేర్చుకుని ఉంటుంది. నాకు ఈ వాదన బలంగానే కనిపిస్తుంది.

రెండోది ఇంకా ఆసక్తికరం. జియోగ్రాఫస్ వేటకు వాడే విషం వేరు, ఆత్మరక్షణకు వాడే విషం వేరు అని 2014లో తేలింది. నాళంలో తిత్తి వైపు భాగం రక్షణ విషాన్ని, తొండం వైపు భాగం వేట విషాన్ని చేస్తాయి. మనిషిని పక్షవాతంలోకి నెట్టే టాక్సిన్లు రక్షణ విషంలోనే దండిగా ఉంటాయి. మనం చేతిలోకి తీసుకుంటే అది మనల్ని తిండి అనుకోదు, శత్రువు అనుకుంటుంది.

పోర్ట్‌బ్లెయిర్_శ్రీను

ఇది చదివాక ఒకటి చెప్పాలి. మా టూరిస్టుల్లో చాలామంది గవ్వ అందంగా ఉందని తీసి జేబులో వేసుకుంటారు. "వెడల్పు వైపు పట్టుకుంటే ఏం కాదు" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. తప్పు. ఆ తొండం సాగి గవ్వ వెనక దాకా వస్తుంది. తడి బట్ట, పల్చటి గ్లవ్ ఆపలేవు. జియోగ్రాఫస్‌ను సిగరెట్ నత్త అని కూడా అంటారు, కుట్టాక ఒక్క సిగరెట్ కాల్చుకునే టైమే ఉంటుందని. అది నిజమేనా డాక్టర్ గారూ? మా బోట్లలో పెట్టడానికి ఒక చిన్న పోస్టర్ రాద్దామనుకుంటున్నాను.

డా_లక్ష్మి_అనస్థీషియా

సిగరెట్ మాట అతిశయోక్తి, అది పోస్టర్‌లో రాయకండి. రాస్తే జనం ఆశ వదిలేసుకుంటారు. 1935లో ఆస్ట్రేలియాలోని హేమన్ దీవిలో ఒక యువకుడు జియోగ్రాఫస్ గవ్వను అరచేతిలో పట్టుకుని కత్తితో గీకుతుండగా కుట్టింది. కాసేపటికి మొద్దుబారడం, పెదాలు బిగుసుకోవడం, తర్వాత చూపు మసకబారడం, కాళ్లు పడిపోవడం, స్పృహ తప్పడం. చనిపోయింది దాదాపు అయిదు గంటల తర్వాత. అంటే మధ్యలో చేయగలిగింది చాలా ఉంది. నాకు కోపం వచ్చేది అక్కడే, ఎందుకంటే అది ఇప్పుడు మేము రోజూ ఆపరేషన్ థియేటర్లో చేసే పనే. కండరాలు పనిచేయని మనిషికి ఊపిరి అందించడం.

విరుగుడు మందు లేదు. విషం తగ్గేదాకా ఊపిరి నిలబెట్టడమే చికిత్స.

పెప్టైడ్_గోపి

శ్రీను గారూ, పోస్టర్‌లో గవ్వలు తీయొద్దనే మాట కూడా రాయండి. బెంగళూరు ఐఐఎస్‌సీలో బలరామ్ గారు, టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థకు చెందిన కృష్ణన్ గారు మన సముద్రాల కోన్ నత్తల విషాల మీద చాలా పని చేశారు. కోనస్ అమాడిస్‌లో డెల్టా టాక్సిన్ బయటపడింది అలాగే. ఒక్కో జాతి పోతే దాంతో పాటు వంద పైచిలుకు పెప్టైడ్లు పోతాయి. కోనస్ మిల్నెఎడ్వర్డ్సీని 2001లోనే వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, దాన్ని తీస్తే నేరం.

పోర్ట్‌బ్లెయిర్_శ్రీను

తప్పకుండా. ఇదిగో రాసుకున్నది, చూసి చెప్పండి:

"కోన్ గవ్వను బతికున్నా చచ్చినట్టు కనిపించినా ముట్టుకోవద్దు. కుడితే నొప్పి లేకపోయినా వెంటనే చెప్పండి. కుట్టిన చేతికి వేళ్ల నుంచి పైదాకా బ్యాండేజ్ గట్టిగా చుట్టి, కర్ర కట్టి కదలకుండా ఉంచాలి. కోయొద్దు, నోటితో పీల్చొద్దు. నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఇవ్వాలి."

డా_లక్ష్మి_అనస్థీషియా

బాగుంది. రెండు మార్పులు. "గట్టిగా" అంటే రక్తం ఆగేలా బిగించేస్తారు. బెణికిన కాలికి చుట్టినంత బిగువు అని రాయండి, వేళ్ల కొసలు కనబడేలా వదలమనండి, నీలంగా మారితే వదులు చేయాలి. చివరి వాక్యం తర్వాత ఇది కలపండి: "కళ్లు మూతబడి, ఒళ్లు కదలకపోయినా మనిషి లోపల అన్నీ వింటూ ఉండొచ్చు. ధైర్యం చెబుతూ, ఆసుపత్రి చేరేదాకా ఊపిరి ఇవ్వడం ఆపొద్దు." అండమాన్‌లో తెలుగుతో పాటు హిందీ, బెంగాలీ, తమిళం కూడా పెట్టండి. హిందీ నేను రాసి పంపుతాను.